పచ్చగానే ఉంది కదా అనుకున్నాం

మొన్న ఆదివారం మా అక్క బిడ్డ పదో తరగతి జీవశాస్త్రం గైడు ముందేసుకుని చదువుకుంటోంది. "దారువుకు, పోషక కణజాలానికి మధ్య భేదాలు రాయండి" అని ప్రశ్న. కింద రెండు గడుల పట్టిక. ఎడమ గడిలో "నీటిని, లవణాలను వేళ్ల నుంచి పైకి తీసుకుపోతుంది" అని ఉంది. కుడి గడిలో "ఆహారాన్ని ఆకుల నుంచి కిందికి తీసుకుపోతుంది" అని ఉంది. రెండుసార్లు చదివి, కళ్లు మూసుకుని గడగడా ఒప్పజెప్పింది. తర్వాత కళ్లు తెరిచి, "మామా, ఆహారం కిందికే పోతే మరి చెట్టు కొసన కాసే మామిడికాయకు ఎట్ల అందుతది?" అని అడిగింది.

నేను వెంటనే జవాబు చెప్పలేదు. తెలియక కాదు. ఆ "కిందికి" అన్న మాట వినగానే మా ఊరి ఇంటి వాకిట్లో ఉండే వేపచెట్టు గుర్తొచ్చింది. అది చచ్చిపోయి నాలుగేళ్లయింది. దాన్ని చంపింది మేమే. ఎట్లా చంపామో నాకు అర్థమవడానికి ఆ తర్వాత ఇంకో ఏడాది పట్టింది. ఇంటర్లో బైపీసీ చదివి, ఇదే పట్టిక రాసి పూర్తి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి నేను.

ఈ పోస్టులో చెప్పదలచుకున్నది ఒక్కటే. మొక్కలో నీళ్లు, ఆహారం తిరిగే తీరును పక్కపక్కన నిలబెట్టిన రెండు పైపుల్లాగా నేర్చుకుంటున్నాం, నేర్పుతున్నాం. ఆ బొమ్మ వల్ల మన బుర్రలో నీళ్ల దారి ఒక్కటే మిగులుతోంది. చెట్టంటే నీళ్లు పోయడం, ఆకు పచ్చగా ఉందో లేదో చూడటం, అంతే. ఆహారం నడిచే దారి, అంటే బెరడు కింద బతికి ఉండే ఆ పల్చటి పొర, మన లెక్కలోకే రావడం లేదు. చెట్లు ఎక్కువగా దెబ్బతినేది అక్కడే.

దండెం తీగ

మాది నల్లగొండ జిల్లాలో చిన్న ఊరు. వాకిట్లో వేపచెట్టును ఎవరూ నాటలేదు, దానంతటదే మొలిచింది. 2008 ఎండాకాలంలో, అది నా పిక్కంత లావు ఉన్నప్పుడు, బట్టలు ఆరేయడానికి దండెం కావాలని అమ్మ అడిగింది. ఇనుప తీగ ఒక కొసను నాయిన గోడ కొక్కేనికి కట్టాడు. రెండో కొసను చెట్టుకు మూడు చుట్లు తిప్పి కటింగ్ ప్లేయర్‌తో బిగించింది నేను. తడి బట్టల బరువుకు జారకూడదని ఒక మెలిక ఎక్కువే వేశాను.

చెట్టు లావెక్కుతుంది, తీగ సాగదు. పదేళ్లయ్యేసరికి తీగ కనబడటం మానేసింది. బెరడు దాన్ని మింగేసింది. తీగ ఉన్న చోటుకు సరిగ్గా పైన మాను ఉబ్బి, తలకు రుమాలు చుట్టినట్టు ఒక కట్టలాగా లేచింది. దాని కింద మాత్రం మాను సన్నగానే ఉండిపోయింది. ఇంటికొచ్చినవాళ్లు "ఇదేంది, చెట్టుకు కంతి లేచింది" అనేవాళ్లు. మేం పట్టించుకోలేదు. చెట్టు పచ్చగానే ఉంది కదా అనుకున్నాం.

2019 ఉగాదికి పూసినట్టు ఆ చెట్టు అంతకు ముందు ఎన్నడూ పూయలేదు. వాకిలంతా తెల్లగా రాలింది. అమ్మ చాటకెత్తి ఆరబెట్టి, చారుకని డబ్బాలో పోసుకుంది. చుట్టుపక్కల నాలుగిళ్లకు పచ్చట్లోకి మా పువ్వే పోయింది. చెట్టు మంచి వయసుకొచ్చిందని అమ్మ మురిసిపోయింది.

ఆ వానాకాలంలోనే తీగకు కింద, మోకాలెత్తులో, మాను చుట్టూ చిగుళ్లు గుంపుగా పొడుచుకొచ్చాయి. వాకిలి ఊడ్చేటప్పుడు అడ్డం వస్తున్నాయని, పొదలాగా ఉందని అమ్మ కొడవలితో చెక్కేసేది. ఊరికి పోయినప్పుడు నేనూ చెక్కాను. అవి మళ్లీ వచ్చేవి, మేం మళ్లీ చెక్కేవాళ్లం. 2020 చివరికొచ్చేసరికి రావడం మానేశాయి. పీడ వదిలిందనుకున్నాం.

2021లో మాఘం, ఫాల్గుణంలో ఎప్పటిలాగే పాత ఆకు రాలింది. కొత్త ఇగురు మాత్రం రాలేదు. ఎండకు తట్టుకోలేకపోతోందేమోనని నాయిన రోజూ పొద్దున రెండు బిందెల నీళ్లు పాదులో పోశాడు. నెలన్నర పోశాడు. తర్వాత కొట్టించి మొదలు తవ్విస్తే వేళ్లు చేతిలో పుటుక్కున విరిగాయి. లోపల ఏమీ లేదు, ఎండిన పుల్లలు. ఆ రెండు బిందెలు తాగడానికి కింద ఎవరూ లేరు.

అసలు జరిగింది ఏమిటంటే

నీళ్లు నడిచేది చెక్కలో. అదే దారువు. మానును అడ్డంగా కోస్తే నడిమధ్యన ముదురు రంగులో కనిపించేది చేవ. అది చెట్టును నిలబెడుతుంది, నీళ్లు మోయదు. చేవ చుట్టూ ఉండే లేత రంగు చెక్కలోంచి నీళ్లు పోతాయి. ఆహారం నడిచేది చెక్క బయట, బెరడుకు లోపలి అంచున ఉండే పోషక కణజాలంలో. పని చేసే పొర కొన్ని చెట్లలో ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. గోటితో లేత కొమ్మను గీకితే తడిగా జిగటగా తగిలేది అక్కడే.

నా తీగ బిగిసింది ఆ పొర మీద. లోపలి చెక్క తీగకు అందలేదు. అందుకే వేళ్ల నుంచి ఆకులకు నీళ్లు మామూలుగా పోయాయి, ఆకులు పచ్చగా ఉన్నాయి, ఎండలో చక్కెర చేశాయి. ఆ చక్కెర వేళ్ల కోసం దిగి వచ్చి తీగ దగ్గర ఆగిపోయింది. ఆగిన ఆహారంతోనే పైన ఆ కట్ట ఉబ్బింది. వేళ్లకు పోవలసింది పైనే ఉండిపోయి, అంత పువ్వు పూసింది. అమ్మ మురిసిపోయిన ఆ పువ్వు వేళ్ల నోటి దగ్గర ముద్ద.

ఇది కొత్త సంగతి కూడా కాదు. ఇటలీకి చెందిన మార్సెల్లో మాల్పీజీ 17వ శతాబ్దంలోనే చెట్టు చుట్టూ బెరడును ఉంగరంలాగా వలిచి, వలిచిన చోటుకు పైన ఉబ్బుతుందని, కింద ఉబ్బదని చూశాడు. మన కడియం నర్సరీల్లో గాలి అంటు కట్టేవాళ్లు రోజూ చేసే పని ఇదే. జామ కొమ్మకో నిమ్మ కొమ్మకో రెండు మూడు సెంటీమీటర్ల మేర బెరడు వలిచి, తడి నాచు పెట్టి, పాలిథిన్ చుట్టి కడతారు. కొన్ని వారాలకు వలిచిన చోటు పై అంచు నుంచి వేళ్లు వస్తాయి. ఆకుల నుంచి దిగిన ఆహారం అక్కడ ఆగి, ఆ వేళ్లను పుట్టిస్తుంది. నీళ్లు చెక్కలోంచి పోతూనే ఉంటాయి కాబట్టి కొమ్మ వాడదు. వాళ్లు తెలిసి చేసి మొక్కను పుట్టిస్తున్నారు. నేను తెలియక చేసి చెట్టును చంపాను.

నాకు ఇప్పటికీ మింగుడుపడనిది ఆ కింది చిగుళ్ల సంగతి. పైనుంచి తిండి రావడం ఆగిపోయాక వేళ్లు దాచుకున్న పిండిని తిని బతుకుతాయి. అది ఒడవకముందే తీగకు ఇవతల కొత్త ఆకులు తొడిగి, వేళ్లకు తిండి అక్కడి నుంచి పంపాలని చెట్టు చూసింది. ఆ చిగుళ్లు పెరగనిచ్చి ఉంటే పైభాగం పోయినా మొదలు బతికేది. ప్రతిసారీ దాచుకున్నదాంట్లోంచి ఖర్చు పెట్టి చిగురు వేసింది, ప్రతిసారీ మేం చెక్కేశాం. రావడం మానేశాయంటే ఖర్చు పెట్టడానికి లోపల ఏమీ మిగల్లేదని అర్థం.

పైకి పోయే నీళ్లు

రెండు పైపుల బొమ్మ ఎందుకు పనికిరాదో చెప్పాలంటే ముందు నీళ్ల దారి గురించి రెండు మాటలు చెప్పాలి. అదొక వింత.

పైనుంచి పీల్చి నీటిని లేపే పంపు ఎంత గొప్పదైనా 10.3 మీటర్లు దాటించలేదు. గాలి బరువు అంతవరకే నెట్టగలదు. మా ఊరి తాటిచెట్లు దానికి రెట్టింపు ఎత్తున్నవి ఉన్నాయి. కాలిఫోర్నియా రెడ్‌వుడ్ చెట్లలో 115 మీటర్లు దాటినది ఉంది. చెట్టులో పంపు లేదు. పీల్చిన నీటిలో 95 శాతానికి పైగా ఆకుల రంధ్రాల్లోంచి ఆవిరై పోతుంది. ఆకు నుంచి పోయే ప్రతి నీటి అణువు తన వెనకున్న దాన్ని లాగుతుంది. నీటి అణువులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి కాబట్టి ఆ లాగుడు వేళ్ల దాకా అందుతుంది. చేద తాడు లాగినట్టే. 1894లో డబ్లిన్‌లో డిక్సన్, జోలీ అనే ఇద్దరు ఈ వివరణ ఇచ్చారు, ఇప్పటికీ నిలబడింది.

దారునాళాల్లోని కణాలు నీళ్లు మోసే నాటికి చచ్చిపోయి ఉంటాయి. లోపలిదంతా ఖాళీ అయి గోడలు మాత్రమే మిగులుతాయి. 1891లో జర్మనీలో స్ట్రాస్‌బర్గర్ 20 మీటర్లకు పైగా ఎత్తున్న చెట్లను మొదలు దగ్గర కోసి, విషం కలిపిన నీళ్లలో నిలబెట్టాడు. దారిలోని బతికిన కణాలను చంపుకుంటూ ఆ విషం కొస దాకా ఎక్కింది. ప్రాణమున్న కణాలు నెట్టకపోయినా నీళ్లు ఎక్కుతాయని తేలింది.

మన జగదీశ్ చంద్రబోస్ దీనికి ఒప్పుకోలేదు. మాను లోపల బతికిన కణాలు గుండెలాగా కొట్టుకుంటూ నీటిని పైకి తోస్తాయని ఆయన నమ్మాడు. 1923లో దాని మీద పెద్ద పుస్తకమే రాశాడు. ఆ వాదన నిలవలేదు. ఇంటర్లో మా సార్ ఇది చెప్పినప్పుడు నాకు బాధనిపించింది, బోస్ ఓడిపోయాడే అని. ఇప్పుడు అట్లా అనిపించదు. నాళాల పక్కనుండే బతికిన కణాలు ఏం చేస్తాయన్న చర్చ ఇంకా నడుస్తోంది. చెట్టులో ప్రాణమెక్కడుందని వెతికిన మనిషి ఆయన. ఆ వెతుకులాట మన పాఠంలోకి రాలేదన్నదే నా బాధ.

2018లో పాలమూరు పిల్లలమర్రికి సెలైన్ సీసాలు వేలాడదీసిన ఫొటోలు మీరూ చూసి ఉంటారు. ఏడు వందల ఏళ్ల మర్రికి చెదలు పడితే, పురుగుమందు పల్చగా కలిపి, చుక్కచుక్కగా మానులోకి ఎక్కించారు. వాట్సాప్ నిండా అవే. చెట్టుకు గ్లూకోజు ఎక్కిస్తున్నారని మా బంధువుల గ్రూపులో ఒకాయన పెట్టాడు. అందులో గ్లూకోజు లేదు. చెట్టుకు అవసరమైన చక్కెర అది తనే చేసుకుంటుంది, అది దిగే దారిని మనం మూయకపోతే చాలు.

ఇక్కడ ఒక ఎదురు ప్రశ్న వస్తుంది. నీళ్లు మోసేది చచ్చిన చెక్క అయితే, బతికిన పొర గురించి ఇంత రాద్ధాంతం ఎందుకు? నీళ్లు అందితే చెట్టు బతకదా? జవాబు నల్లరేగడి చేలల్లో ఉంది. వానలు వరసగా పడి పత్తిచేనులో నీళ్లు నిలిస్తే మూడో రోజుకు మొక్కలు తలలు వాలుస్తాయి. మోకాలి దాకా నీళ్లలో నిలబడి వాడిపోతాయి. జాలు పట్టిందంటారు రైతులు. వేరు లోపలి గొట్టం చచ్చినదైనా, నీళ్లు లోపలికి వచ్చే వాకిలి బతికిన కణాలది. ఆ కణాలకు గాలి కావాలి, తిండి కావాలి. గాలి అందకపోతే పత్తి పోతుంది. తిండి అందకపోతే మా వేప పోయింది. నీళ్ల దారి తెరిచి ఉండాలంటే ఆహారం దారి నడుస్తూ ఉండాలి. పట్టికలో రెండు గడుల మధ్య గీసిన గీత ఈ ముక్కను పిల్లలకు అందకుండా చేస్తోంది.

తాత గీసే గెల

ఆహారం దారి బతికినదని నాకు మొదట చెప్పింది పుస్తకం కాదు, మా ఊరి కల్లు గీసే తాత. నేను డిగ్రీలో ఉన్నప్పుడు ఒక సాయంత్రం తాటివనంలో కూర్చుని ఆయన మోకు సర్దుకోవడం చూస్తూ అడిగాను.

"రోజూ రెండు పూటలు ఎందుకు గీసుడు తాతా? ఒక్కపారి కోసి వదిలేస్తే కారదా?"

"చెట్టు ఊకుంటదా బిడ్డా? పుండు మానుపుకుంటది. అది మానకముందే మనం గీయాలె."

పైకెక్కి ఆయన చేసిన పని కిందనుంచి చూశాను. తర్వాత ఇంకోసారి తెంపిన గెలను చేతిలో పట్టుకుని చూశాను. వేలంత లావున్న పూగెల కొస, కత్తితో కోసిన చోట నున్నగా, తడిగా మెరుస్తూ ఉంది. తాత తీసిన పొర ఉల్లిపొర కంటే కాస్త మందం, అంతే. ఎక్కువ కోస్తే గెల తొందరగా అయిపోతుంది, తక్కువ కోస్తే ధార రాదు. నాలుగైదు లెక్కలు పెట్టేలోపు కోసిన ముఖం మీద చిన్న చిన్న బొట్లు లేచి, కలిసి, కొసకు జారాయి.

కల్లు పోషక కణజాలంలోంచి వచ్చే రసం. తాత "మానుపుకోవడం" అన్నదానికి శాస్త్రంలో వేరే పేర్లున్నాయి. పోషక కణజాలంలో చాలనీ నాళాలని ఉంటాయి. కణాలు ఒకదాని కొసకు ఒకటి అతుక్కుని, మధ్య గోడలు జల్లెడలాగా చిల్లులు పడి ఉంటాయి. ఎక్కడైనా తెగితే ఆ చిల్లులను చెట్టు జిగట ప్రొటీన్లతో, కాలోజ్ అనే పదార్థంతో మూసేస్తుంది. మన నెత్తురు గడ్డకట్టినట్టే. ఈ నాళాల కణాలకు కేంద్రకం ఉండదు. పక్కనే అంటుకుని ఉండే సహకణం వాటిని బతికిస్తుంది. తాటిచెట్టు మాను మొదట్లోని ఆ కణాలు చెట్టు బతికినంత కాలమూ, అంటే కొన్ని పదుల ఏళ్లు, కేంద్రకం లేకుండానే పని చేస్తాయి. ఇది మొదటిసారి చదివినప్పుడు నేను పుస్తకం పక్కన పెట్టి కాసేపు ఊరికే కూర్చున్నాను.

అది గొట్టమే అయితే ఎటు వంచితే అటు కారాలి. ఇది అట్లా కాదు. 1930లో జర్మనీలో ఎర్న్‌స్ట్ మ్యూంఖ్ చెప్పిన లెక్క ఇది. ఆకులో చేసిన చక్కెరను మొక్క చాలనీ నాళంలోకి నింపుతుంది. చక్కెర చిక్కదనానికి పక్కనున్న దారువు నుంచి నీళ్లు ద్రవాభిసరణతో లోపలికి వస్తాయి. ఒత్తిడి పెరుగుతుంది. చక్కెర ఎక్కడ ఖర్చవుతోందో అక్కడ ఒత్తిడి తక్కువ. రసం ఎక్కువ నుంచి తక్కువకు నడుస్తుంది. ఆ ఒత్తిడి కారు టైరులో గాలికి నాలుగైదు రెట్లు ఉండవచ్చు. వేగం మాత్రం తక్కువ, గంటకు మీటరు లోపే అనుకోవచ్చు. ఆ ఒత్తిడి ఎంతో తెలియాలంటే పేనుబంకను చూడండి. చిక్కుడు తీగ మీద మూగి, ఆకులన్నీ బంకబంక చేసే ఆ పురుగు సూదిలాంటి మూతిని ఒకే ఒక్క చాలనీ కణంలో దించుతుంది. పీల్చే పని పెద్దగా ఉండదు, రసమే తోసుకొస్తుంది. మిగిలిన చక్కెర వెనకనుంచి బంకగా పోతుంది. 1953లో కెనడీ, మిట్లర్ అనే శాస్త్రవేత్తలు అట్లా తాగుతున్న పురుగును కోసేసి మూతిని మాత్రం మొక్కలోనే వదిలేస్తే, ఆ మూతిలోంచి రసం గంటల తరబడి బొట్లుగా వస్తూనే ఉంది.

ఇప్పుడు మా అక్క బిడ్డ ప్రశ్న. ఆహారం కిందికి పోదు, పైకి పోదు. ఎక్కడ తయారైతే అక్కడి నుంచి, ఎక్కడ కావాలంటే అక్కడికి పోతుంది. కాయ కొసన ఉంటే కొసకు పోతుంది. హోలీ ముందు మోదుగ చెట్టును చూడండి. ఒక్క ఆకు ఉండదు, చెట్టంతా పువ్వే. ఆ పువ్వుకు ఆకు ఎక్కడ వండిపెట్టింది? నిరుడు వండి కొమ్మల్లో, మానులో, వేళ్లలో దాచినదాంట్లోంచే. ఉగాదికి వేప ఇగురు వేసేదీ అట్లాగే. ఆకులు ముదిరాక అదే కొమ్మ తాను తినడం మానేసి ఇతరులకు పంపడం మొదలుపెడుతుంది. లేత ఆకు తీసుకుంటుంది, ముదిరిన ఆకు ఇస్తుంది.

"అట్లయితే పిల్లలకు అర్థం కాదు"

ఇదంతా టీచరుగా ఉన్న నా స్నేహితుడితో వాదించాను. ఆయన మాటలో న్యాయముంది. నలభై అయిదు నిమిషాల పీరియడ్, అరవై మంది పిల్లలు. ముందు పైకి, కిందికి అని ఒక పట్టు దొరికితే తర్వాత సవరించుకోవచ్చు. మొదటి రోజే అన్నీ చెబితే ఏదీ మిగలదు అన్నాడు. పైగా పుస్తకాన్ని తప్పుపట్టకు, మార్కుల కోసం గైడులు దాన్ని రెండు గడుల్లోకి కుదించాయి అన్నాడు. అదీ నిజమే.

కానీ "తర్వాత సవరించుకోవచ్చు" అన్నదే నాకు నచ్చలేదు. ఆ తర్వాత అనేది చాలామందికి రాదు. నాకు ఇంటర్లో వచ్చింది, మ్యూంఖ్ పేరు కూడా రాశాను. అయినా చేతిలో తీగ పట్టుకున్నప్పుడు గుర్తు రాలేదు. మొదట పడిన బొమ్మే చేతిని నడిపిస్తుంది. పైగా "తయారైన చోటు నుంచి కావలసిన చోటుకు" అన్నది "కిందికి" కంటే కష్టమేమీ కాదు. వడ్లు పండిన ఊరి నుంచి తినే ఊరికి లారీలు పోతాయని తెలియని పిల్లలున్నారా? ఎటు పోతాయి, ఉత్తరానికా దక్షిణానికా అని ఎవరైనా అడుగుతారా?

నా వాదన నాకే అడ్డం తిరిగిన చోటొకటుంది. అమెరికాలో ఉండే మా కజిన్ ఒకసారి మేపుల్ సిరప్ సీసా తెచ్చాడు. ఇదీ మన కల్లులాంటిదే, పోషక కణజాలం రసమే అని నేను ఇంట్లో అందరికీ ధీమాగా చెప్పాను. తప్పు. మేపుల్ చెట్టుకు రంధ్రం పెట్టేది చెక్కలోకి. చలి తగ్గే రోజుల్లో, ఆకులు రాకముందు, రాత్రి గడ్డకట్టి పగలు కరిగే వేళ దారువులోంచే తీపి నీళ్లు వస్తాయి. చక్కెర రెండు శాతం అటూ ఇటూ, అందుకే దాదాపు నలభై లీటర్లు మరిగిస్తే గాని ఒక లీటరు సిరప్ కాదు. అంటే "దారువులో నీళ్లు, లవణాలు" అన్న గడి కూడా నిలవదు. ఇంకొకటి, తాటిచెట్టు. దాని చుట్టూ పైపొర వలిచినా మా వేపలాగా చావదు. తాటి దూలం కోసినప్పుడు లోపలంతా చెల్లాచెదురుగా నల్లటి పోగులు కనిపిస్తాయి చూడండి, నీళ్ల దారీ ఆహారం దారీ ఆ పోగుల్లోనే జంటగా ఉంటాయి. వలిచింది బయట, దారులు లోపల. కాబట్టి బెరడే ప్రాణం అని ఒక సూత్రం రాసి గడిలో పెడితే నేనూ గైడు చేసిన పనే చేసినట్టు.

అందుకని పిల్లలకు పట్టిక బదులు ఒక జామ కొమ్మ ఇవ్వాలంటాను. బెరడు ఉంగరంలా వలిచి నెల రోజులు చూడమనాలి. ఏం ఉబ్బింది, ఏం ఉబ్బలేదు, ఆకు వాడిందా లేదా. స్కూలు ఆవరణలో జామచెట్టుకు కరువుండదు.

మేకులు, ఇనుప కడియాలు

చెట్లకు మేకులు కొడితే చస్తాయని చాలామంది రాస్తుంటారు. వాళ్ల ప్రేమ మీద నాకు గౌరవముంది గాని ఆ మాట పూర్తిగా సరి కాదు. నాలుగు మేకుల వల్ల నాలుగు గాయాలవుతాయి. తెగులు లోపలికి పోవచ్చు, అది నష్టమే. కానీ ఆహారం గాయం పక్కనుంచి తిరిగి పోగలదు. చుట్టు పూర్తిగా మూసేది వేరు. మెడకు బిగించిన తీగ, కేబుల్ వైరు, పెళ్లి లైట్ల తాడు, తీయడం మరిచిపోయిన ట్రీగార్డు. పైకి నెత్తురు కనబడని గాయాలివి.

తెలిసి చేసేవాళ్లూ ఉన్నారు. చెట్టు కొట్టాలంటే నీరు, భూమి, చెట్ల కోసం తెచ్చిన వాల్టా చట్టం ప్రకారం అనుమతి కావాలి. మా ఆఫీసు దారిలో ఒక దుకాణం ముందు పెద్ద కానుగచెట్టుకు నడుమెత్తున జానెడు వెడల్పు బెరడు చుట్టూ వలిచేశారు. వలిచినవాళ్లకు పోషక కణజాలం సంగతి బాగా తెలుసు. ఏడాదిన్నర ఆకులు పచ్చగానే ఉన్నాయి, ఎవరికీ అనుమానం రాలేదు. తర్వాత ఎండింది, ఎండిన చెట్టు ప్రమాదమని కొట్టేశారు. అది పచ్చగా ఉన్న రోజుల్లో నేను రోజూ దాని ముందు నుంచి బండి మీద పోయాను. చిన్న కొమ్మలు తెచ్చి, వలిచిన చోటుకు పైన ఒక కొస, కింద ఒక కొస బెరడులోకి దోపి వంతెనలాగా అంటు కడితే బతికే అవకాశం ఉంటుంది. ఎలుకలు, కుందేళ్లు బెరడు కొరికిన ఆపిల్ చెట్లను విదేశాల్లో అట్లా కాపాడుకుంటారు. ఆ సంగతి నేను చదివేసరికి అక్కడ పునాది తవ్వుతున్నారు.

మా అక్క బిడ్డ ప్రశ్న అడిగిన సాయంత్రం ఇద్దరం కలిసి మా గల్లీలో తిరిగాం. హరితహారంలో నాటిన కానుగలు ఆరు ఉన్నాయి, ఇనుప గార్డులు అట్లాగే ఉన్నాయి. వార్డు ఆఫీసులో అడిగి, మూడు రోజుల తర్వాత వెల్డింగ్ షాపు అబ్బాయిని తీసుకొచ్చి అయిదింటికి కడియాలు కోయించాం. రెండింటికి అప్పటికే గాటు పడింది గాని చుట్టంతా మూసుకోలేదు. మూలనున్న ఆరోదానికి ఇనుము కనబడనే లేదు. చెక్క దాని మీదుగా పెరిగి కప్పేసింది. పైన కట్టలాగా ఉబ్బు. ఆ అమ్మాయి వేలు పెట్టి తడిమి, "మామా, ఇది మన వేపకు వచ్చినట్టే ఉంది కదా" అంది. లాగితే చెట్టే చీలుతుందని ముట్టుకోలేదు.

కింద, పాదంత ఎత్తులో, ఎనిమిదో తొమ్మిదో చిగుళ్లు వచ్చి ఉన్నాయి. లేత ఆకుపచ్చగా, వేలెడంత. వాటిని కోయొద్దని గల్లీ ఊడ్చే అమ్మకు చెప్పాను.

"పొదలెక్క అయితది కద సార్" అంది.

కానీ అమ్మా, కానీ అన్నాను.